తొలకరికి ముందే: విమానాశ్రయం చుట్టూ పక్షులు మూగకుండా

తొలకరి పడగానే వానపాములు పైకొస్తాయి, ఉసుళ్లు లేస్తాయి. వాటి కోసం తీతువులు, కొంగలు రన్‌వే పక్క గడ్డిలోకి దిగుతాయి. మన దేశంలో పక్షులు విమానాలకు తగలడం వానాకాలంలోనే ఎక్కువ. 2022 జూన్ 19న పాట్నాలో పైకి లేస్తుండగా పక్షి తగిలి ఒక విమానం ఇంజిన్‌కు నిప్పంటుకుంది. 185 మంది ప్రయాణికులతో అది వెనక్కొచ్చి క్షేమంగా దిగింది.

ఉసుళ్లను ఆపలేం. గద్దల సంగతి అలా కాదు, వాటిని పిలుస్తున్నది మనం పారేసే మాంసమే. దిగబోయే విమానం రన్‌వేకి 3 కిలోమీటర్ల దూరంలో దాదాపు 500 అడుగుల ఎత్తున ఉంటుంది. కుప్ప మీద గద్దలు సుడి తిరిగేదీ ఇంచుమించు ఆ ఎత్తులోనే. ప్రహరీ లోపల ఎంత కాపలా ఉన్నా ఇది ఆగదు. అందుకే విమానాశ్రయం నుంచి 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించే చెత్త వేయడం, అనుమతి లేకుండా జంతువుల్ని కోయడం నిషేధించారు.

చికెన్, మటన్, చేపల దుకాణాలవాళ్లు పేగులు, ఈకలు, పొలుసులు మూత బిగుసుకునే డ్రమ్ములో వేసి, ఏ రోజువి ఆ రోజే చెత్త బండికి అప్పగించాలి. సంచిలో కట్టి కాలువ గట్టున వదిలితే రాత్రి కుక్కలు చింపుతాయి, తెల్లారేసరికి గద్దలు దిగుతాయి. జానెడు గుంటలో పూడ్చినా అంతే, కుక్కలు తోడేస్తాయి. పంచాయతీ చూపిన చోట పూడ్చాల్సి వస్తే వ్యర్థాల పైన కనీసం 3 అడుగుల మట్టి పడాలి. బక్రీద్, ఆషాఢ బోనాలకు మామూలు బండి చాలదు. ముందురోజే అదనపు బండి అడిగి పెట్టుకోండి.

హోటళ్ల ఎంగిలాకులకూ, ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నానికీ మూత ఉన్న డబ్బాలే కావాలి. మేడ మీద పావురాలకు గింజలు చల్లడం మానండి. మురుగు నిలిచే గుంటల్ని వానలకు ముందే పూడ్చండి. పొలంలో కొయ్యకాళ్లు తగలబెట్టొద్దు. మంటకు పారిపోయే పురుగుల కోసం గద్దలు పొగ చుట్టూ చేరతాయి.

కుప్ప మీద గద్దలు కనిపిస్తే ఫొటో తీసి పంచాయతీకి, విమానాశ్రయానికి తెలపండి. మీరే టపాసులు కాల్చి తరమొద్దు. గుంపంతా ఒక్కసారిగా లేచి విమానం దారిలోకే వెళ్లవచ్చు.