ఇంట్లో కెమెరా, స్పీకరు, టీవీ: అనుమానం వస్తే ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో సీసీ కెమెరాలు ఎప్పటి నుంచో ఉన్నవే. ఇప్పుడు కడపలో ఎన్జీఓ కాలనీ, చిన్నచౌకు, ఎర్రముక్కపల్లె, ఎక్కడ చూసినా మామూలు ఇళ్ల హాళ్లలోకి కూడా వచ్చేశాయి. పిల్లలు కువైట్‌లోనో బెంగళూరులోనో ఉంటే పెద్దవాళ్ల కోసం హాల్లో ఒకటి, గేటు మీద ఒకటి పెడుతున్నారు. వాటికి తోడు మాట వినే స్పీకరు, నెట్‌కు కలిసే టీవీ. వీటి గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువమంది మొదలుపెట్టేది ఒకే మాటతో: "అన్నా, మా కెమెరా ఎవరో హ్యాక్ చేశారు."

నేను చూసినంతలో ఎక్కడో దేశం కాని దేశంలో కూర్చున్న హ్యాకరు దొరికేది చాలా తక్కువ. ఆ కెమెరా ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద ఉందో ఇంట్లోవాళ్లకే తెలియదు. చాలా ఇళ్లలో అసలు జబ్బు ఇదే. కాబట్టి కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా ముందు యాప్ తెరిచి ఓనరుగా ఎవరి నంబరు ఉందో చూడండి. డబ్బు మీరే కట్టి ఉండొచ్చు, బిల్లు మీ పేరునే ఉండొచ్చు. యాప్‌లో ఓనరు ఎవరైతే కెమెరా వాళ్లదే.

"కెమెరా తనంతట తానే తిరుగుతోంది"

కంగారు పడకముందు ఒకటి గుర్తు చేసుకోండి: అంతకు ముందే కరెంటు పోయి వచ్చిందా? అటూ ఇటూ తిరిగే రకం కెమెరాలు కరెంటు రాగానే ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి సరిచూసుకుంటాయి. రాత్రి రెండు గంటలకు కరెంటు వస్తే అప్పుడే తిరుగుతుంది. నిద్రలో ఆ గుయ్యిమనే చప్పుడు విన్నవాళ్లకు గుండె ఝల్లుమనడం సహజం.

కరెంటు పోకపోతే సెట్టింగుల్లో మోషన్ ట్రాకింగ్ చూడండి. అది ఆన్‌లో ఉంటే మనిషి, పిల్లి, ఫ్యాను గాలికి ఊగే కర్టెన్, ఏది కదిలినా కెమెరా వెంట తిరుగుతుంది. దాన్ని ఆఫ్ చేసి రెండు రోజులు గమనించండి. అప్పుడు కూడా కదిలే వస్తువు ఏదీ లేని గదిలో తిరిగిందంటే, లేదా గోడ వైపు తిప్పి పెట్టినది మంచం వైపు వచ్చి ఆగిందంటే, ఎవరో యాప్‌లోంచి తిప్పుతున్నారనే అనుకోవాలి. వెంటనే ప్లగ్ తీసేసి, రీసెట్ కొట్టకముందే ఈ వ్యాసం చివరి భాగం చదవండి.

"మా ఇంట్లో జరిగింది బయటివాళ్లకు తెలుస్తోంది"

ఇది అన్నిటికంటే పెద్ద సమస్య. కొంచెం వివరంగా చెప్తాను.

కెమెరాలు బిగించే ఒక అబ్బాయి తన ఫోన్‌లో యాప్ తెరిచినప్పుడు పక్కనుంచి చూశాను. వరసగా చిన్న చిన్న చదరాలు, ఒక్కొక్కటీ ఒక్కో ఇల్లు. కింద "శంకరాపురం సార్", "మేడమ్ అపార్ట్‌మెంట్ 2వ అంతస్తు" అని అతను పెట్టుకున్న పేర్లు. ఒకదాంట్లో నేల మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న పెద్దామె. ఇంకోదాంట్లో ఉయ్యాల్లో పసిబిడ్డ. అతను చెడ్డవాడేమీ కాదు. జనం పాస్‌వర్డ్ మరిచిపోయి ఫోన్ చేస్తారని, తన దగ్గర ఉంటే పని తొందరగా అవుతుందని ఉంచుకున్నాడు. కానీ ఆ ఫోన్ పోతే? అమ్మేస్తే? అతని స్నేహితుడి చేతికి వెళ్తే? ఆ పెద్దామెకు తాను ఎవరికో కనిపిస్తున్నానని కూడా తెలియదు.

దీన్ని సరిచేయడం మీ దగ్గరున్నది ఏ రకమన్న దాన్ని బట్టి ఉంటుంది.

టీవీ కింద డీవీఆర్ పెట్టె (కెమెరాల వీడియో రికార్డు చేసేది) ఉంటే, దాన్ని టీవీకి కలిపి మౌస్‌తో మెనూలోకి వెళ్లండి. యూజర్ల జాబితా కనిపిస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, మీకు తెలియని పేర్లు తీసేయండి. కొన్ని పెట్టెలు ఒక ఖాతాకు ముడిపడి ఉంటాయి. మీ ఫోన్‌లో చేర్చబోతే "ఇది వేరే ఖాతాలో ఉంది" అని వస్తుంది. అప్పుడు బిగించినవాళ్లను పిలిచి, మీ ఎదురుగానే వాళ్ల యాప్‌లోంచి డిలీట్ చేయించండి. చివరగా వాళ్ల ఫోన్‌లో ఒకసారి తెరిచి చూపమనండి. బొమ్మ రాకూడదు. అడగడానికి మొహమాటపడొద్దు, నిజాయితీగా పని చేసేవాళ్లు తప్పుగా అనుకోరు.

విడి వైఫై కెమెరా అయితే యాప్‌లో "షేర్" జాబితా చూడండి. పాత అద్దెవాళ్లు, బంధువులు, ఎప్పుడో పెళ్లికి వచ్చినప్పుడు చేర్చుకున్న బావమరిది, అందరూ అందులోనే ఉంటారు. ఓనరుగా మీ నంబరు లేకపోతే పాత ఖాతాలోంచి తీయించి, కెమెరా మీదున్న రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కిపట్టి, మళ్లీ మీ నంబరుతో కొత్తగా మొదలుపెట్టండి. ఓటీపీతో లాగిన్ అయ్యే రెండంచెల భద్రత ఉంటే ఆన్ చేయండి. మెమరీ కార్డు సంగతి చాలామంది మరిచిపోతారు. రీసెట్ చేసినా అందులోని వీడియోలు అలాగే ఉంటాయి. కెమెరా రిపేరుకు ఇచ్చినా, అమ్మినా ముందు కార్డు తీసి మీ దగ్గర ఉంచుకోండి.

ఇంకో రకం ఉంది, వెయ్యి, పదిహేను వందలకు దొరికే బల్బు ఆకారం కెమెరాలు. వీటిలో చాలావాటికి అడుగున ఒక ఐడీ, క్యూఆర్ కోడ్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. ఆ ఐడీ, పాస్‌వర్డ్ తెలిస్తే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునేవి వీటిలో ఎక్కువ. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే తలుపు తీసి పెట్టినట్టే. "పని చేయడం లేదు, చూడన్నా" అంటూ ఆ స్టిక్కర్ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

కంపెనీ పాస్‌వర్డ్ అలాగే ఉంచితే ఏమవుతుందో దేశం చూసింది. 2025లో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆడవాళ్లను పరీక్షించే గది వీడియోలు బయటికొచ్చి, డబ్బుకు అమ్ముడుపోయాయి. అక్కడి కెమెరాల పాస్‌వర్డ్ "అడ్మిన్123" అని వార్తల్లో వచ్చింది. అంతకు ముందు 2016 అక్టోబరులో, ఇలాగే పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు లెక్కలేనన్ని మిరాయ్ అనే వైరస్ చేతికి చిక్కాయి. వాటితోనే దాడి చేసి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా చేశారు. మీ పాస్‌వర్డ్‌లో బిడ్డ పేరు, పుట్టిన సంవత్సరం పెట్టకండి. వీధిలో అందరికీ తెలిసిన విషయాలవి.

కొత్తది కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. ఇప్పటికే గోడకు ఉన్నవాటిని మాత్రం మనమే చూసుకోవాలి.

"రోజూ ఒకే టైముకు కెమెరా నల్లగా అయిపోతోంది"

కువైట్ నుంచి కొడుకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఇది. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి, తిని, రాత్రి ఎనిమిదికి అమ్మను చూద్దామని యాప్ తెరుస్తాడు. ఇక్కడ పదిన్నర. బొమ్మంతా నలుపు. వైఫై పోయిందా, కెమెరా చెడిపోయిందా, అమ్మకేమైనా అయిందా అని టెన్షన్.

వెళ్లి చూస్తే కెమెరా మీద తువ్వాలు కప్పి ఉంటుంది. చీర మార్చుకోవాలి, కాళ్లకు నూనె రాసుకోవాలి, ఫ్యాను కింద కాస్త వదులుగా పడుకోవాలి. కొడుకే చూస్తున్నా ఆమెకు ఇబ్బందిగా ఉంటుంది. చెప్తే వాడు బాధపడతాడని నోరు విప్పదు, తువ్వాలు కప్పేస్తుంది. కెమెరాలో లోపమేమీ లేదు. ఆమెను అడక్కుండా పెట్టడమే ఇక్కడి లోపం.

ఆమెను కూర్చోబెట్టి అడగండి: "అమ్మా, ఎక్కడ పెడితే నీకు ఇబ్బంది లేదు?" చాలామంది వాకిలి వైపు, వంటింటి తలుపు వైపు పెట్టమంటారు. మంచం కనిపించే చోటు వద్దంటారు. పడి లేవలేకపోతే ఎలా అన్న భయానికి వేరే దారులున్నాయి. మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్ పెట్టొచ్చు, లేదా పొద్దున తొమ్మిదికల్లా ఫోన్ రాకపోతే పక్కింటి అక్క తలుపు తట్టేలా మాట్లాడుకోవచ్చు. కెమెరా తప్పదనుకుంటే యాప్‌లో ప్రైవసీ మోడ్‌కో, షెడ్యూలుకో టైము పెట్టండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అదే ఆగిపోతుంది. మైకు కూడా ఆపేయండి. ఆమె పక్కింటావిడతో చెప్పుకునే కష్టసుఖాలు కువైట్ దాకా వినిపించాల్సిన పని లేదు. పనికి వచ్చే మనిషికి కూడా కెమెరా ఉందని ముందే చెప్పండి.

"పక్కింటి కెమెరా మా మిద్దె మీదికి చూస్తోంది"

ఎండాకాలం నలభై మూడు డిగ్రీల్లో మన ఊళ్లో సగం మంది మిద్దె మీదే పడుకుంటారు. కెమెరా చుట్టూ సన్నగా ఎర్రటి చుక్కలు వెలిగితే అది చీకట్లోనూ చూస్తోందని అర్థం. చుక్కలు కనిపించకపోయినా చూసే రకాలున్నాయి, కాబట్టి దాన్నే నమ్ముకోకండి.

గొడవకు దిగకుండా ముందు వాళ్ల ఫోన్‌లో ఆ కెమెరా బొమ్మ చూపమని అడగండి. ఎక్కడి దాకా పడుతోందో వాళ్లకే తెలియక పోవచ్చు. కోణం మార్చే వీలు లేకపోతే చాలా కెమెరాల్లో ప్రైవసీ మాస్క్ ఉంటుంది. బొమ్మలో మీ మిద్దె వచ్చే భాగం మీద నల్ల పెట్టె గీస్తే ఇక అది రికార్డు కాదు. పది నిమిషాల పని.

"స్పీకరు పిలవకుండానే పలుకుతోంది, లైట్ వెలుగుతోంది"

అలెక్సా స్పీకరైతే రంగు చూడండి. పసుపు వెలిగి ఆరుతుంటే ఏదో మెసేజో, పార్సిల్ కబురో వచ్చింది. నారింజ అయితే నెట్ కోసం వెతుకుతోంది, కరెంటు పోయి వచ్చాక ఇది మామూలే. ఎరుపు అంటే మైకు ఆఫ్‌లో ఉంది. నీలం అంటే వింటోంది. ఆకుపచ్చ కదులుతుంటే కాల్ నడుస్తోంది, లేదా డ్రాప్ ఇన్ అనే సౌకర్యంతో అవతలివాళ్లు నేరుగా లోపలికి వచ్చారు. మీరు ఎత్తకుండానే మాట వినిపించే సౌకర్యమది. యాప్‌లో ఎవరెవరికి ఆ అనుమతి ఉందో చూసి, అవసరం లేకపోతే పూర్తిగా తీసేయండి.

పిలవకుండా నీలం వెలగడానికి మామూలు కారణం పొరపాటుగా వినడం. టీవీ సీరియల్లో, మన మాటల్లో దాని పేరులాంటి శబ్దం వస్తే చాలు, అప్పటి నుంచి కొన్ని సెకన్ల మాట కంపెనీ సర్వరుకు పోతుంది. ఏం పోయిందో మీరే వినొచ్చు. యాప్‌లో "మోర్", ఆ తర్వాత "అలెక్సా ప్రైవసీ", అందులో వాయిస్ హిస్టరీ. ఒక్కసారి విని చూడండి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి వినిపించండి. తర్వాత అక్కడే అవి ఎంతకాలం ఉండాలో మార్చేయండి. పిల్లల గొంతులు తల్లిదండ్రులు తీసేయమన్నా పూర్తిగా తీయలేదన్న అభియోగం మీద 2023లో అలెక్సా కంపెనీ అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందుకే పిల్లలుండే ఇంట్లో దీన్ని వాయిదా వేయొద్దని గట్టిగా చెప్తాను. పడకగదిలో స్పీకరు అసలు వద్దు.

"మాట్లాడుకున్న వస్తువే ఫోన్‌లో ప్రకటనగా వచ్చింది"

ఫోన్లు రోజంతా వింటాయని అందరూ నమ్ముతారు. 2018లో నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షిస్తే, చాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపినట్టు ఆధారం దొరకలేదు. కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద మనం చేసేదాన్ని రికార్డు చేసి పంపడం మాత్రం దొరికింది. ఇంట్లో ఒకే వైఫై వాడేటప్పుడు మీ కోడలు వెతికిన కుక్కర్ మీ ఫోన్‌లో ప్రకటనగా రావడం మామూలే. అయినా మైకు అనుమతి ఉన్న యాప్‌ల జాబితా తెరిచి, టార్చ్ లైట్, వాల్‌పేపర్ లాంటివాటికి ఉంటే తీసేయండి. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో ఏ యాప్ అయినా మైకో కెమెరానో వాడితే పైన కుడివైపు ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. మీరేమీ చేయకుండా అది కనిపిస్తే అప్పుడు పట్టించుకోండి.

టీవీ విషయం వేరు. తెర మీద ఏం నడుస్తోందో గుర్తుపట్టి కంపెనీకి పంపే ఏర్పాటు చాలా స్మార్ట్ టీవీల్లో ఉంటుంది. అనుమతి లేకుండా అలా చేసినందుకు 2017లో విజియో కంపెనీ అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టింది. శామ్‌సంగ్‌లో "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్", ఎల్‌జీలో "లైవ్ ప్లస్" అనే పేర్లతో ఉంటుంది. సెట్టింగుల్లో కనిపిస్తే ఆపేయండి.

రౌటరు

పైవన్నీ సరిచేసినా అనుమానం తీరకపోతే రౌటరు (ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె) పేజీ తెరవండి. జియో ఫైబర్‌కు బ్రౌజర్‌లో 192.168.29.1 కొడితే వస్తుంది, మిగతావాటికి ఆ అడ్రస్ రౌటరు అడుగున రాసి ఉంటుంది. ఏవేవి కలిసి ఉన్నాయో జాబితా కనిపిస్తుంది. లెక్క కుదరకపోతే వైఫై పాస్‌వర్డ్ మార్చి ఒక్కొక్కటే మళ్లీ కలపండి. రౌటరు అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, అది వేరేది. గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం వేరే పేరుతో ఇచ్చే వైఫై) సౌకర్యం ఉంటే కెమెరా, టీవీ, స్పీకరు దాని మీద పెట్టి, బ్యాంకు పనులు చేసే ఫోన్ అసలు వైఫై మీద ఉంచండి.

నిజంగానే ఎవరో చూశారని తేలితే

కోపంలో ముందు రీసెట్ కొట్టకండి. ఆధారమంతా పోతుంది. షేర్ జాబితా, లాగిన్ అయిన ఫోన్ల జాబితా, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాత కెమెరా ప్లగ్ తీసి, కార్డు పక్కన పెట్టండి. డీవీఆర్ అయితే ఆపేయాలి, లేకపోతే డిస్కు నిండగానే పాతవాటి మీద కొత్తవి రికార్డు అవుతాయి.

ఒకరి రహస్య అవయవాలను ఒప్పుకోలు లేకుండా చిత్రీకరించినా, పంపినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఏకాంతంలో ఉన్న మహిళను చాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వర్తిస్తుంది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. స్టేషన్‌కు వెళ్లడానికి ఇబ్బందిగా ఉంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. వీడియో చూపించి డబ్బు గుంజితే ఒక్క రూపాయి కూడా పంపకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇప్పటికే పంపి ఉంటే ఇంకా తొందరగా చేయండి, ఎంత ముందు చెప్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.