పాత ఇంటికి మరమ్మతు – 3వ పాఠం: ధర కన్నా ముందు కొలత

గత పాఠంలో ముగ్గురు మేస్త్రీలను పిలిచి ఇల్లు చూపించి, ప్లాస్టరింగుకు ఎవరెంత అడిగారో రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఒకరు చదరపు అడుగుకు 25 రూపాయలు అన్నారనుకుందాం, మరొకరు 26. చాలామంది ఇక్కడే పాతిక రూపాయల మేస్త్రీకి తాంబూలం ఇచ్చేస్తారు. ఆగండి. అడుగు అంటే ఆయన లెక్కలో ఏమిటో ఇంకా అడగలేదు కదా.

ఒక గది తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. చుట్టుకొలత 44 అడుగులు కాబట్టి లోపలి గోడలు 440 చదరపు అడుగులు. ఇందులో మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గుమ్మం ఒకటి, నాలుగడుగుల చదరపు కిటికీలు రెండు. ఈ ఖాళీలన్నీ కలిపితే 56.5 చదరపు అడుగులు. ఖాళీ తీసేసి కొలిచేవాడికి 383.5 వస్తుంది, తీయనివాడికి 440. పాతిక చొప్పున తేడా 1,412 రూపాయల యాభై పైసలు. బేరమాడి ఒక రూపాయి తగ్గించుకుంటే ఈ గదిలో మీకు మిగిలేది మహా అయితే 440. అరగంట గొంతు చించుకున్నది దానికా!

అలాగని మేస్త్రీని మోసగాడు అనకండి. గుమ్మం పక్కలకూ కిటికీ పై అంచుకూ కూడా సిమెంటు పూయాలి, ఆ పని ఎక్కడా లెక్కకు రాదు. భారతీయ ప్రమాణాల్లోని ఐఎస్ 1200 దీనికి మధ్యేమార్గం చెప్పింది. అర చదరపు మీటరు, అంటే సుమారు అయిదున్నర చదరపు అడుగుల లోపు ఖాళీని అసలు తీయనక్కర లేదు. అంతకు మించి మూడు చదరపు మీటర్ల దాకా, గోడకు రెండు వైపులా ఒకే రకం పూత ఉంటే, ఒక వైపు మాత్రమే తీయాలి. పక్కల పూతకు విడిగా కట్టనక్కర లేదు. మన గుమ్మమూ కిటికీలూ ఈ కోవలోకే వస్తాయి. లోపల తీస్తే బయట తీయకూడదు, అంతే. నేను ఈ పద్ధతి చెబితే ఒప్పుకోని మేస్త్రీ ఇంతవరకూ తగల్లేదు. ముందే చెప్పాలి, పని అయ్యాక కాదు.

పాత ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో మా వీధి పెంకుటిళ్ల గోడలు ఒకచోట పొట్ట, ఒకచోట గుంట. లోపలి పూత 12 మిల్లీమీటర్లు అని ధర చెప్పిన మేస్త్రీ, గుంట దగ్గర రెండింతలు మందం వేయాల్సి వస్తే అదనం అడుగుతాడు. అది న్యాయమే. అందుకే ధర మాట్లాడే రోజునే గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక దారం బిగించి పట్టుకోండి. దారానికీ గోడకూ మధ్య ఎంత సందు ఉందో మేస్త్రీ చేతనే కొలిపించండి. టేపు ఇనుపదే వాడండి, గుడ్డ టేపు సాగుతుంది.

ఇక కాగితం. మన దగ్గర మేస్త్రీ ఊళ్లోవాడు కావచ్చు, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచి రావచ్చు. మా వంటగది పని చేసిన మేస్త్రీ ఒడియావాడు, తెలుగు నాకన్నా బాగా మాట్లాడతాడు, లెక్క మాత్రం ఒడియా అంకెల్లో రాసుకుంటాడు. ఒడియా నాలుగును తొందరగా రాస్తే మన కంటికి 8లా కనిపిస్తుంది. ఆయన పుస్తకంలో అడ్వాన్సు నాలుగు వేలు, నా కంటికి ఎనిమిది వేలు. “ఎనిమిది ఎప్పుడిచ్చారు బాబూ?” అని ఆయన, “నీ పుస్తకంలోనే ఉందిగా” అని నేను. చివరికి మా ఆవిడ వచ్చి, రెండు వేళ్లతో పుస్తకం తిప్పి చదివి, నన్ను లోపలికి పొమ్మంది. ఆ రోజు నుంచీ ప్రతి మొత్తాన్నీ అంకెల్లోనూ మాటల్లోనూ రాయిస్తున్నాను. ఎదురుగా ఇద్దరి సంతకాలు.

కాగితంలో కొలత పద్ధతి, మందం, సిమెంటు ఇసుక ఎవరివి అన్నవి సరే. మరచిపోయేది నీళ్లు. పూత మీద వారం పది రోజులు తడి ఆరకుండా చూసేది ఎవరో పేరు పెట్టి రాయండి. “మీరే కొడతారనుకున్నాం” అన్న మాట ప్రతి ఇంట్లోనూ వింటాను.

పెంకు విప్పి స్లాబు వేసే ఆలోచన ఉంటే అక్టోబరులో వద్దు. ఫైలిన్ తుఫాను 2013లో, తిత్లీ తుఫాను 2018లో అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ మన గజపతి జిల్లాను ఏం చేసిందో మీకు చెప్పనక్కర లేదు. తప్పనిసరి అయితే, వానకు పని ఆగినా తడిసిపోయినా నష్టం ఎవరిదో అదే కాగితంలో రాయించండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒక గదిని మీరొకసారి, ఇంట్లోవాళ్లు మరొకసారి విడివిడిగా కొలవండి. ఖాళీలు తీసి ఒక లెక్క, తీయకుండా ఒక లెక్క వేయండి. ఇద్దరి కొలతలూ కలవకపోతే ఏ మూల తేడా వచ్చిందో వెతకండి. పాత గదులు నాలుగు మూలలా ఒకేలా ఉండవు, కాబట్టి ఎదురెదురు గోడలు రెండూ కొలవాలి. ఆ కాగితం నాలుగో పాఠానికి కావాలి. డబ్బు ఎన్ని విడతలుగా, ఏ పని అయ్యాక ఇవ్వాలో అప్పుడు చూద్దాం.