అంబాసిడర్, మారుతీ 800: రెండు కాలాల కార్లను పోల్చే పద్ధతి

వేర్వేరు కాలాలకు చెందిన రెండు పాత కార్లను పోల్చేటప్పుడు ఒక్కొక్క దానికి రెండేసి సంవత్సరాలు రాసిపెట్టుకోవాలి: డిజైన్ ఎప్పటిది, మీ ఎదుట ఉన్న బండి ఎప్పుడు తయారైంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్‌కు 1950ల నాటి బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారం; మారుతీ 800 గుర్‌గావ్‌లో 1983 డిసెంబరులో మొదలైంది; రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అందువల్ల 1995 నాటి అంబాసిడర్ 1984 నాటి మారుతీ కంటే వయసులో చిన్నదే అయినా, డిజైన్‌లో ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. పైగా 1990లలో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ మోడల్‌కు జపాన్ కంపెనీ ఇసుజు ఇంజన్, ఐదు గేర్లు అమర్చారు కాబట్టి, దానిని పాత 1489 సీసీ బండితో ఒకే గాటన కట్టకూడదు. పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్ బిగించుకోవడం ఒకప్పుడు మామూలే. అందుకే ఆర్‌సీలోని ఇంజన్, ఛాసిస్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో తప్పక సరిచూడండి.

మైలేజీ, వేగం పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. అంబాసిడర్ టన్నుకు పైగా బరువుండి వెనుక చక్రాలతో నడిచే బండి. మారుతీ సుమారు 650 కిలోల బరువుతో, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌తో ముందు చక్రాలను తిప్పే బండి. అంబాసిడర్‌ను నిండుగా మనుషులతో, సామానుతో గతుకుల రోడ్డు మీద నడిపి చూడండి. వెనుక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) పనితనం అక్కడే తెలుస్తుంది. మారుతీని ఇరుకు సందులో, రద్దీలో నడపండి.

తరువాత అరుగుదల చూడాలి. పాత అంబాసిడర్ ముందు చక్రాన్ని జాకీతో లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే మరొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి: కదలిక ఆగిపోతే లోపం బేరింగులో ఉన్నట్టు, అప్పటికీ కదిలితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన పిన్ను) అరిగినట్టు. గ్రీజు సక్రమంగా పెట్టించని బండిలో ఈ అరుగుదల త్వరగా వస్తుంది. మారుతీలో రేకు పలుచన కనుక మ్యాట్లు ఎత్తి నేలరేకును, చక్రాల పైభాగపు అంచులను వేలితో నొక్కి చూడండి. రంగు కింద తుప్పు ఉబ్బి ఉంటే ఇంజన్ ఎంత బాగున్నా ధర తగ్గించవలసిందే.

చివరిగా చట్టం. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో పెద్ద మార్పులు లేని, వ్యాపారానికి వాడని కారుకే వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. 1960ల నాటి అంబాసిడర్ మార్క్ 2కు ఇప్పుడే ఆ అర్హత ఉంది. తొలి మారుతీలు 2033 చివరి దాకా ఆగాలి.