ఎస్‌టీపీ కంపు కొడుతోందా? కల్చర్ డబ్బా కొనే ముందు ఇవి చూడండి

అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో) ఏ తేడా వచ్చినా సర్వీసు వాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే: "సార్, కల్చర్ వెయ్యాలి." కల్చర్ అంటే డబ్బాల్లో అమ్మే బ్యాక్టీరియా. అసోసియేషన్ వాళ్లు డబ్బులిస్తారు, డబ్బా పోస్తారు, పది రోజులకి మళ్లీ అదే కంపు. మురుగుని తినే బ్యాక్టీరియా మన మురుగులోనే కావలసినంత ఉంటుంది. ప్లాంటుకి కావలసింది గాలి, తగినంత స్లడ్జ్, అంటే ఆ బ్యాక్టీరియా ముద్దలు కట్టిన బురద. ఈ రెండిట్లో ఏది తప్పిందో తెలిస్తే చాలా సమస్యలకి దారి దొరుకుతుంది.

సెల్లార్ అంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన

ఇది హైడ్రోజన్ సల్ఫైడ్. నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే పుడుతుంది. సరిగ్గా నడిచే ఏరేషన్ ట్యాంకు (మురుగులోకి గాలి ఊదే ట్యాంకు) దగ్గర తడి మట్టి వాసన తప్ప ముక్కు మూసుకోవలసిన పని ఉండదు.

ముందు అనుమానించాల్సింది రాత్రిళ్లు బ్లోవర్ (ఆ గాలి ఊదే యంత్రం) ఆపేయడం. ఏడున్నర హెచ్‌పీ మోటారు ఎనిమిది గంటలు ఆగితే దాదాపు 45 యూనిట్లు మిగులుతాయి. కరెంటు బిల్లు తగ్గించమని కమిటీయే ఒత్తిడి పెడితే ఆపరేటర్ మాత్రం ఏం చేస్తాడు? మీటర్ రీడింగ్ రాత్రి పదికి ఒకసారి, ఉదయం ఆరుకి ఒకసారి రాసుకుంటే విషయం బయటపడుతుంది.

రెండోది కరెంటు కోత. చాలా ప్యానెళ్లలో కరెంటు పోయి వచ్చాక ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కితే తప్ప బ్లోవర్ తిరగదు. అర్ధరాత్రి పోయి వస్తే తెల్లారేదాకా గాలి లేనట్టే. ఎలక్ట్రీషియన్‌తో ఆటో రీస్టార్ట్ పెట్టించండి, బ్లోవర్ జనరేటర్ లైన్ మీద ఉందో లేదో కూడా చూడమనండి.

బ్లోవర్ తిరుగుతూనే ఉన్నా కంపు వస్తోందా? బెల్టు వదులైందేమో, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుందేమో చూడండి. మురుగు ముందుగా చేరే ఈక్వలైజేషన్ ట్యాంకుకి వెళ్లే గాలి వాల్వు మూసేసి ఉండటం కూడా మామూలే. అక్కడ మురుగు కదలకుండా నిలిస్తే ఆ తర్వాత ఎంత గాలి ఊదినా కంపు పోదు.

కంపు వస్తోంది కదా అని ఎవరినీ ట్యాంకులోకి దింపొద్దు. ఈ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన తగ్గిందనుకుని దిగిన మనిషి కుప్పకూలతాడు, తీయడానికి దిగిన రెండో మనిషీ పోతాడు. తగిన రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని దించి సెప్టిక్ ట్యాంకులూ మురుగు కాలువలూ శుభ్రం చేయించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం.

బుడగలు ఒకచోటే, బ్లోవర్ మాటిమాటికీ ట్రిప్

ట్యాంకు మొత్తం సన్న బుడగలు సమానంగా రావాలి. ఒకచోట ఊటలా ఎగదన్నుతుంటే అక్కడ డిఫ్యూజర్ (ట్యాంకు అడుగున గాలిని సన్న బుడగలుగా వదిలే భాగం) పొర చిరిగింది, లేదా పైపు జాయింటు ఊడింది. ఒక మూల నిశ్శబ్దంగా ఉంటే అక్కడివి మూసుకుపోయాయి. ప్రెషర్ గేజ్ కూడా చెబుతుంది. మీటరు లోతు నీటికి చదరపు సెంటీమీటరుకి దాదాపు 0.1 కిలో ఒత్తిడి. డిఫ్యూజర్ల మీద మూడు మీటర్ల నీళ్లుంటే గేజ్ 0.3 కంటే కాస్త పైన ఉండాలి. 0.5 చూపిస్తోందంటే దారి మూసుకుంది, మోటారు మీద లోడు పడుతోంది. డిఫ్యూజర్లు పైకి తీసి కడిగించాలి, పాతబడితే మార్చాలి. ఆగి ఉన్న రెండో బ్లోవర్ వెనక్కి తిరుగుతుంటే మాత్రం గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పోయిందని అర్థం.

శుద్ధి అయిన నీళ్లలో నలకలు, బురద

దీనికి లీటరు గాజు సిలిండర్ ఒకటి చాలు. బ్లోవర్ నడుస్తుండగా ఏరేషన్ ట్యాంకు మధ్యలోంచి నీళ్లు తీసి లీటరు గీత దాకా నింపి, కదపకుండా అరగంట వదిలేయండి. ఐదు నిమిషాలకే గోధుమరంగు రేణువులు ముద్దలు కట్టి దిగడం కనిపించాలి. అరగంటకి అడుగున 250 నుంచి 400 మిల్లీలీటర్ల బురద, దాని పైన తేట నీళ్లు ఉంటే ప్లాంటు బాగుంది.

150 కంటే తక్కువ నిలిచి పైనీళ్లు మసకగా ఉన్నాయంటే స్లడ్జ్ చాలదు. కొన్నాళ్లు బయటికి తీయడం ఆపి, దిగిన బురదని తిరిగి ఏరేషన్ ట్యాంకుకి పంపే రిటర్న్ పంపు సరిగ్గా నడుస్తోందో చూడండి.

600 దాటితే రెండు అనుమానాలు. ఏరేషన్ ట్యాంకు నీళ్లు సగం, శుద్ధి చేసిన నీళ్లు సగం కలిపి మళ్లీ పరీక్షించండి. ఈసారి చక్కగా దిగితే స్లడ్జ్ ఎక్కువైందన్నమాట, రోజూ కొంచెం కొంచెం తీసి బురదలోని నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్‌కి పంపాలి. అప్పటికీ దూదిలా తేలుతుంటే దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగింది. గాలి చాలకపోవడం, నూనె ఎక్కువ రావడం దానికి ముఖ్య కారణాలు. పార్టీ హాలు వంటగది గ్రీజు ట్రాప్ (నూనె, జిడ్డు ఆపే తొట్టి) ఆఖరుసారి ఎప్పుడు శుభ్రం చేశారో అడగండి, జవాబు చెప్పే మనిషి దొరికితే సంతోషం.

బాగా దిగిన బురద గంటా రెండు గంటల్లో బుడగలతో పెచ్చులుగా పైకి లేస్తే, ఏరేషన్ తర్వాత బురద దిగే సెటిలింగ్ ట్యాంకులో కూడా అదే జరుగుతోంది. బురద అక్కడ ఎక్కువసేపు నిలిచిపోతోంది. రిటర్న్ లైన్‌లో అడ్డు తీయించండి.

ప్లాస్టిక్ ముక్కలు తిరిగే ఎంబీబీఆర్ ప్లాంట్లకి ఈ అంకెలు వర్తించవు. అక్కడ బ్యాక్టీరియా ఆ ముక్కలకే అంటుకుని ఉంటుంది కాబట్టి సిలిండర్‌లో బురద తక్కువే కనిపిస్తుంది.

నురగ

తెల్లటి తేలిక నురగ అయితే స్లడ్జ్ ఇంకా లేతగా ఉంది, లేదా డిటర్జెంట్ ఎక్కువ వస్తోంది. నీళ్లు చిమ్మితే అణుగుతుంది, స్లడ్జ్ పెరిగాక పోతుంది. జిడ్డుగా, గోధుమరంగులో తెట్టు కడితే స్లడ్జ్ ముదిరింది. తెట్టు తీసి పారేయండి, తిరిగి ట్యాంకులోకి తోయొద్దు. స్లడ్జ్ కూడా ఇంకాస్త ఎక్కువ తీయండి.

నిన్నటిదాకా బాగున్న ప్లాంటు ఒక్కసారిగా చచ్చిపోయింది

ఓవర్‌హెడ్ ట్యాంకు బ్లీచింగ్‌తో కడిగి ఆ నీళ్లు డ్రైనేజీలోకి వదిలారేమో, టైల్స్‌కి యాసిడ్ కొట్టించారేమో కనుక్కోండి. నిజంగా బయటి నుంచి బ్యాక్టీరియా కావలసిన సందర్భం ఇదొక్కటి, కొత్త ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు ఇంకొకటి. అప్పుడైనా బాగా నడిచే పక్క కమ్యూనిటీ ఏరేషన్ ట్యాంకు నుంచి ఒక ట్యాంకరు స్లడ్జ్ తెచ్చి పోయడం డబ్బాల కంటే త్వరగా పనిచేస్తుంది.

ఫ్లష్‌లో పసుపు నీళ్లు, వాసన

ఫ్లష్‌కి వచ్చేది శుద్ధి చేసిన నీళ్లే. సాండ్ ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా అర కిలో దాటితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి కడగాలి. రంగు అలాగే ఉంటే కార్బన్ ఫిల్టర్‌లోని బొగ్గు పని అయిపోయింది. దాన్ని కడిగి లాభం లేదు, మార్చాల్సిందే. ఫ్లష్ చేరే నీళ్లలో క్లోరిన్ 0.5 నుంచి 1 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాము) మిగిలి ఉండాలి. నీళ్లు మసకగా ఉంటే ఎంత పోసినా క్లోరిన్ మిగలదు, కాబట్టి ముందు పైన చెప్పిన బురద సంగతి చూడండి. బాత్రూమ్ జెట్ స్ప్రే మాత్రం మంచినీళ్ల లైన్ మీదే ఉండాలి. కొత్తగా ప్లంబింగ్ చేయించుకున్న ఫ్లాట్లలో ఇది తప్పకుండా చూసుకోండి.

వాన పడితే పొంగుతోంది

టెర్రస్ వాన పైపుని ఎక్కడో డ్రైనేజీలో కలిపారు. ఒక గట్టి వానకి స్లడ్జ్ అంతా కొట్టుకుపోతుంది. వాన లేని రోజు టెర్రస్ మీద బకెట్‌తో రంగు నీళ్లు పోసి ఏ ఛాంబర్‌లో తేలుతాయో చూస్తే దొరికిపోతుంది.

సంక్రాంతి వారం

హైదరాబాద్‌లో సగం ఫ్లాట్లు ఖాళీ అవుతాయి. బ్యాక్టీరియాకి తిండి ఉండదు, గాలి మాత్రం పూర్తిగా వస్తుంటుంది. దాంతో స్లడ్జ్ చిన్న చిన్న నలకలై నీళ్లతో వెళ్లిపోతుంది. పండగకి ముందే స్లడ్జ్ తీయడం ఆపండి. బ్లోవర్‌కి టైమర్ పెట్టి గంట నడిపి అరగంట ఆపండి, అంతకంటే ఎక్కువసేపు ఆపొద్దు. ఊళ్ల నుంచి కార్లు తిరిగొచ్చే ముందు రోజు నుంచి మళ్లీ ఇరవై నాలుగ్గంటలూ నడపాలి.