వంశవృక్షం ఆన్‌లైన్‌లో పెట్టేముందు బతికున్నోళ్ళని అడగండి

మాది హిందూపురం పక్క, ఉండేది బెంగళూరు విజయనగర్లో. రెండేళ్ళుగా ఆదివారాలు కూర్చుని మా వంశవృక్షం కడుతున్నా. మొదట్లోనే ఒక పెద్ద తప్పు చేసినా. మా మేనత్తకి చిన్నప్పుడే ఒక పెళ్ళి అయ్యి విడిపోయినారంట, ఆ సంగతి ఆమె పిల్లలకి తెలీదు, నేనేమో జేజి చెప్పింది చెప్పినట్టు ట్రీలో ఎక్కించేసి లింకు ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేసినా. అత్త తిట్టలేదు. "నన్నొక మాట అడిగింటే బాగుండేది కదా నాయనా" అనింది అంతే. ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే మొదటి పని అడగడం. గ్రూప్‌లో కాదు, ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేసి, ఎందుకంటే గ్రూప్‌లో పెద్ద చిన్నాయన "పెట్టు పెట్టు, మంచి పని" అన్నాక ఇంక ఎవరూ వద్దని అనలేరు. ఏమేం రాస్తున్నారో చదివి వినిపించండి. వద్దంటే కారణం అడగొద్దు, తీసేయండి. దత్తత, విడాకులు, జబ్బులు, కులాంతర పెళ్ళిళ్ళ గొడవలు, ఇవి ఎవరివి వాళ్ళే చెప్పుకోవాలి, పక్కింటోళ్ళు చెప్పినా జేజి చెప్పినా మనం రాయకూడదు.

చనిపోయినట్టు గట్టిగా తెలీకపోతే బతికున్నట్టే లెక్కేయండి. వంశవృక్షాలు కట్టే ఫ్యామిలీసెర్చ్ సైటు, గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్ లాంటివి కూడా చావు వివరం లేకపోతే మామూలుగా పుట్టి 110 ఏళ్ళు అయ్యేదాకా బతికున్నట్టే లెక్క పెట్టుకుంటాయి. బతికున్నోళ్ళ వివరాలు బయటోళ్ళకి కనపడకుండా చాలా సైట్లు దాస్తాయి కానీ మనం లోపలికి పిలిచిన చుట్టాలకి కనపడొచ్చు, మా అత్త విషయంలో నొప్పి వచ్చింది చుట్టాల వల్లే కదా.

బతికున్నోళ్ళకి పుట్టినతేదీ, ఊరు, ఫోన్ నంబర్ ఏదీ వద్దు, వాళ్ళు ఒప్పుకుంటే పేరు, వరస చాలు. ఇంకోటి, అమ్మ పుట్టింటి ఇంటిపేరు. అకౌంట్లకి సెక్యూరిటీ ప్రశ్నగా అడిగేది అదే, మన వంశవృక్షంలో ముందు కనపడేదీ అదే! వరసలు తెలిస్తే దొంగలకి కూడా సులువు, "అత్తా, మీ తమ్ముడు కొడుకుని, ఆస్పత్రిలో ఉన్నా" అని ఫోన్ చేస్తే పెద్దోళ్ళు నమ్మేస్తారు. అట్లా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ఇంట్లో అందరికీ చెప్పిపెట్టండి.

పాత శుభలేఖలు, కర్మకార్డులు స్కాన్ చేసి పెట్టేటప్పుడు జాగ్రత్త. పోయినాయన కార్డే అయినా కింద కొడుకులు కోడళ్ళ పేర్లు, అడ్రస్, నంబర్లు అన్నీ ఉంటాయి, అవి కత్తిరించి పెట్టండి. ఫైల్ ఎవరికైనా పంపేటప్పుడు గ్రాంప్స్ ఎక్స్‌పోర్ట్‌లో బతికున్నోళ్ళని వదిలేసే ఆప్షన్ ఉంది, అది పెట్టుకోండి. అంతా అయ్యాక లాగౌట్ చేసి బయటోడిలా మీ ట్రీని ఒకసారి చూడండి.

డీఎన్ఏ టెస్ట్ సంగతి ఇంకా పెద్దది. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్ఏ టెస్ట్ కంపెనీలో, వేరేచోట వాడిన పాస్‌వర్డే మళ్ళీ పెట్టుకున్న సుమారు 14 వేల అకౌంట్లలోకి హ్యాకర్లు దూరితే, చుట్టాల్ని చూపించే ఫీచర్ వల్ల దాదాపు 69 లక్షల మంది సమాచారం బయటపడింది. టెస్ట్‌కి ఇచ్చే మీ ఉమ్మిలో మీ చెల్లెలి సమాచారం కూడా ఉంటుంది, అంటే ఆమెనీ అడగాల్సిందే.

ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు చెప్పినారు, ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో పనిచేసినాయనే. తర్వాత 2023లో వ్యక్తిగత డేటాని కాపాడే చట్టం వచ్చింది కానీ సొంతానికి, ఇంటి అవసరానికి మనిషి చేసుకునే పనులకి అది వర్తించదు, కాబట్టి ఇంట్లో ఈ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

మా అత్త సంగతి ట్రీలోంచి తీసేసినా. జేజి చెప్పింది రాసుకున్న నోట్‌బుక్ మాత్రం అత్తకే ఇచ్చేసినా, అది ఉంచాలో చించాలో ఆమె ఇష్టం.