ఊరి చెరువును కాపాడాలంటే ముందు దాని హద్దు తెలియాలి

చెరువులో మట్టి పోస్తున్నారని తెలియగానే కట్ట మీద ధర్నాకు కూర్చోవాలని మనసు ఉవ్విళ్లూరుతుంది. ఆ ఆవేశం న్యాయమైనదే. అయితే చెరువు ఎక్కడి వరకు ఉందో చూపే కాగితం చేతిలో లేకపోతే, ఎంత మంది కూర్చున్నా తహసీల్దారు అడిగే మొదటి ప్రశ్నకే మాట ఆగిపోతుంది.

అందుకని తెలంగాణలో ముందుగా రెవెన్యూ కార్యాలయం నుంచి గ్రామ నక్ష (ఊరి పటం), సేత్వార్ (తొలి భూ సర్వే రిజిస్టరు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) నకళ్లు తీసుకోవాలి. చెరువు సర్వే నంబర్లు, శిఖం (చెరువు నిండితే మునిగే భూమి) విస్తీర్ణం వాటిలోనే దొరుకుతాయి. పూర్తి నీటిమట్టం (చెరువు నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు పటం, మత్తడి (నిండిన చెరువు నీరు పొర్లి బయటికి పోయే కట్టడం) ఎత్తు, తూముల వివరాలు, ఆయకట్టు లెక్క నీటిపారుదల శాఖ దగ్గర ఉంటాయి. అడిగితే ఇవ్వనప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు రుసుము. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తరువాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేయవచ్చు. దరఖాస్తులో "చెరువు కబ్జా అయిందా?" అని అడగవద్దు, ఫలానా పటం నకలు, ఫలానా రిజిస్టరు పుట అని అడగండి, ఎందుకంటే ఆ చట్టం కింద మనకు దక్కేది రికార్డే తప్ప అధికారి అభిప్రాయం కాదు.

పటం చేతికి వచ్చాక, వానకాలంలో చెరువు మత్తడి పోసే రోజుల్లో నీటి అంచు వెంట నలుగురు కలిసి నడవాలి. ఎండాకాలపు ఫొటోలో శిఖం ఖాళీ జాగాలాగే కనబడుతుంది. నిండిన చెరువు తన హద్దును తానే చూపిస్తుంది. మత్తడిని మరీ జాగ్రత్తగా చూడండి. దాన్ని పగులగొట్టి ఎత్తు తగ్గిస్తే నీరు పాత హద్దుకు ఎన్నటికీ చేరదు, అప్పుడు లోపలి భూమి చెరువుదే కాదని వాదించడం సులువవుతుంది. కాకతీయుల కాలం నుంచీ మన చెరువులు గొలుసుకట్టువి కాబట్టి, పై చెరువు మత్తడి నీరు కింది చెరువుకు చేరే కాలువనూ నడిచి చూడాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో మునిగిన వరంగల్, హనుమకొండ కాలనీల వాళ్లకు, నాలా ఇరుకైతే నీరు ఎక్కడికి వస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

పట్టణ ప్రాంతాలకు వర్తించే 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పూర్తి నీటిమట్టం లోపల ఏ కట్టడమూ కూడదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. శిఖంలో పట్టా ఉన్న రైతు సంగతి వేరు. నీరు తగ్గినప్పుడు ఆయన సాగు చేసుకోవచ్చు, కానీ మట్టి నింపడానికీ ఇల్లు కట్టడానికీ వీల్లేదు. ఈ తేడాను ఆ రైతుల ఇంటికి వెళ్లి ఓపికగా వివరించండి. భూమి పోతుందన్న భయంతో వాళ్లు ఎదురు తిరిగితే ఊరు రెండుగా చీలుతుంది. ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘం సభ్యులు, ఏటా ఆ నీళ్లలోనే బతుకమ్మను సాగనంపే మహిళలు ముందు నిలబడితే ఫిర్యాదుకు బలం వస్తుంది. నా దృష్టిలో అర్జీ కంటే ముందు జరగాల్సిన పని ఇది.

అర్జీ ఒక్క పుటకు మించకూడదు. సర్వే నంబరు, జరుగుతున్న పని, తేదీలు రాసి, పటమూ ఫొటోలూ జతచేసి, రెవెన్యూ, నీటిపారుదల శాఖలు ఉమ్మడి సర్వే జరిపి హద్దురాళ్లు పాతాలని, అప్పటి వరకు పనులు ఆపాలని స్పష్టంగా కోరండి. గ్రామమైతే గ్రామసభ తీర్మానం జోడించండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తప్పక తీసుకోండి. వాట్సాప్‌లో మనుషుల పేర్లు పెట్టి నిందించడం మానుకోండి. సర్వే నంబరు గురించి మాట్లాడితే చాలు. అధికారులు కదలకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ఉంది, కానీ వివాదానికి కారణం మొదట తలెత్తిన 6 నెలల్లోగా అక్కడికి వెళ్లాలి కనుక ప్రతి తేదీనీ నోటుబుక్కులో రాసి ఉంచుకోండి.

సర్వే రోజున ఊరివాళ్లు కనీసం పది మంది దగ్గరుండాలి. పాతిన ప్రతి హద్దురాయినీ ఫొటో తీసి, అది ఉన్న చోటును నక్ష నకలు మీద గుర్తించి, ఒక ప్రతి పంచాయతీలో, మరొకటి మత్స్య సంఘం దగ్గర ఉంచండి. ఏటా మృగశిర కార్తెకు ముందు ఆ రాళ్లను మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి.