రేసు బోటు గుద్దుకున్నా పగలకుండా హల్‌ని ఎలా బలపరచాలి?

రిమోట్ రేసు బోటు ముక్కు చిట్లితే మా బరంపురం పక్క చాలామంది చేసే మొదటి పని, హ్యాచ్ (డెక్ మీది తలుపు) మూత తీసి ముక్కులో రెజిన్ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు ద్రవం) పోసేయడం. గట్టిపడ్డాక గోటితో కొట్టి చూసుకుని ఇక పగలదని ధీమాగా ఉంటారు. తర్వాతి ఆదివారం బోటు రేవు మెట్లకు తగిలితే ఆ రెజిన్ ముద్ద హల్ (బోటు డొల్ల) పెంకును కూడా పట్టుకుని ఊడొస్తుంది. ఒట్టి రెజిన్ పెళుసు. దెబ్బ తట్టుకునేది అందులో తడిసిన బట్ట. ఆ బట్టను హల్‌కి అంటించి ఉంచడమే రెజిన్ చేసే పని. పైగా 50 మి.లీ. రెజిన్ అంటే 55 గ్రాముల పైమాటే. అంత బరువు ముక్కు కొసన కూర్చుంటే బోటు నీటి మీద తేలి పరుగెత్తదు, ముక్కుతో నీళ్లు తోసుకుంటూ పోతుంది.

గంజాం జిల్లా చెరువుల్లో బోటుకి తగిలేవి మూడే: రాతి మెట్లు, వలల కోసం పాతిన వెదురు గుంజలు, ఎదుటివాడి బోటు. కాబట్టి హల్ అంతా లోపల బట్ట పరిచే పని పెట్టుకోకండి. ముక్కు, డెక్‌కీ (బోటు పైకప్పుకీ) హల్‌కీ మధ్య అతుకు, చుక్కాని బిగించే వెనక పలక, బ్యాటరీ పక్కన రెండు వైపుల గోడలు చూసుకుంటే చాలు. మిగతా చోట వేసేదంతా దండగ బరువు.

సామాన్లు: 160 జీఎస్ఎం (చదరపు మీటరుకి 160 గ్రాములు తూగే) గ్లాస్ క్లాత్, అంటే గాజు పోగులతో నేసిన బట్ట, అంగుళం వెడల్పు కెవ్లార్ (తెగని గట్టి కృత్రిమ పీచు) టేపు, పల్చటి ఎపాక్సీ రెజిన్, దాని హార్డెనర్, గ్రాములు చూపించే చిన్న త్రాసు, 80 నంబరు ఎమరీ పేపరు, అర అంగుళం బ్రష్షులు, గ్లవ్స్, మాస్కు. గ్లవ్స్ లేకుండా హార్డెనర్ ముట్టుకోవద్దు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత దాని దగ్గరికి వెళ్లినా దద్దుర్లే. ట్యూబుల్లో వచ్చే ఐదు నిమిషాల జిగురు ఈ పనికి పనికిరాదు. అది మరీ చిక్కన, బట్ట తడిసేలోపే బిగుసుకుంటుంది.

దుకాణంలో ‘ఫైబర్’ అని అడిగితే పీచుపీచుగా ఉండే మ్యాట్ చేతిలో పెడతారు. గోపాల్‌పూర్ ఒడ్డున మనవాళ్ల ఫైబర్ తెప్పలు బాగుచేసే మేస్త్రీలు వాడేది అదే, పాలిస్టర్ రెజిన్‌తో. వాళ్ల పనికి వంక పెట్టలేం. కానీ మ్యాట్‌లో పీచుని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, అందుకే మ్యాట్ మెత్తబడక మూలల్లో లేచి నిలబడుతుంది. అలాగని పాలిస్టరే పోద్దామంటే, గట్టిపడిన ఎపాక్సీ హల్ మీద అది సరిగ్గా పట్టదు. ఏడు మీటర్ల తెప్పకి సరిపోయే పద్ధతిని రెండడుగుల బోటు మీద ప్రయోగించకండి. నేసిన బట్టే కొనండి.

కార్బన్ ఫైబర్ బట్ట సంగతీ చెప్పాలి. నల్లగా మెరుస్తుంది, ఫోటోల్లో బాగుంటుంది. గట్టిదే, కానీ గుద్దుకున్నప్పుడు వంగకుండా పుటుక్కుమంటుంది. అంతకన్నా పెద్ద తలనొప్పి, అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనక రిమోట్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. కార్బన్ పరిచిన హల్ లోపల రిసీవర్ యాంటెనా పెడితే బోటు మధ్య చెరువులో మాట వినడం మానేస్తుంది. కెవ్లార్‌కి ఈ బాధ లేదు. హల్ పగిలినా ముక్కల్ని విడిపోనివ్వదు. కోయడం కష్టం, ఎమరీ పెడితే నూగు లేస్తుంది, అందుకే దాన్ని ఎప్పుడూ గ్లాస్ క్లాత్ కిందే వేయాలి.

హల్ ఖాళీ చేసే ముందు మోటారు, బ్యాటరీ అన్నీ ఉండగానే బోటును ఒక బద్ద మీద నిలిపి, తూకం కుదిరిన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆ తర్వాత సామాన్లు తీసి, బట్ట వేసే చోటల్లా మెరుపు పోయేదాకా ఎమరీ పట్టండి. అసిటోన్‌తో తుడవండి. మీది ఏబీఎస్ ప్లాస్టిక్ హల్ అయితే మాత్రం అసిటోన్ దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి.

ఇక అసలు తంటా అంతా ముక్కులో బట్ట పరచడంలోనే. తొందరున్న రోజు ఈ పని మొదలుపెట్టొద్దు.

బట్టను నేత పోగులకి 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి. నిలువుగా కోసింది ముక్కు వంపులో ముడతలు పడుతుంది, ఏటవాలుది వంపుకి తగ్గట్టు సాగి కూర్చుంటుంది. రెండు పొరలకి రెండు ముక్కలు కోయాలి, రెండోది మొదటిదాని కన్నా రెండు సెంటీమీటర్లు పొడుగు. రెండు పొరలూ ఒకే గీత దగ్గర ఆగిపోతే అక్కడిదాకా హల్ బిర్రుగా, ఆ వెంటనే పల్చగా ఉంటుంది. ఈసారి దెబ్బ తగిలితే సరిగ్గా ఆ గీత వెంబడే విరుగుతుంది.

ముక్కు లోపల అడుగు గోడలు కలిసే చోట సన్నటి లోయ ఉంటుంది. బట్ట ఆ లోయలోకి దిగదు, పైనుంచి వంతెన కడుతుంది, కింద గాలి మిగిలిపోతుంది. అందుకే ముందుగా కొంచెం రెజిన్‌లో మైక్రో బెలూన్స్ (పొడిలా ఉండే సన్నటి బోలు గుండ్లు) కలిపి, అవి దొరక్కపోతే టాల్కం పౌడర్ కలిపి, ముద్దలా చేసి ఆ లోయను వేలితో గుండ్రంగా పూడ్చండి. సన్నటి గీతలా చాలు, మళ్లీ ముక్కు నింపే పని పెట్టుకోకండి. అది తడిగా ఉండగానే బట్ట వేయాలి.

రెజిన్ కొలత కంటితో వద్దు. కోసిన బట్టను తూచండి. దాదాపు అంతే బరువు రెజిన్ మిశ్రమం చాలు, బ్రష్షు తాగేదానికి ఇంకాస్త. ఎల్‌వై 556 అనే రకం ఎపాక్సీ రెజిన్ అయితే 100 గ్రాములకి 10 గ్రాముల హెచ్‌వై 951 హార్డెనర్, బరువు లెక్కన. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోసేవాళ్లున్నారు. అలా చేస్తే గట్టిపడడం అటుంచి, ఎప్పటికీ మెత్తగానే ఉండిపోయే ప్రమాదం ఉంది. గిన్నె అంచులు గీకుతూ బాగా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయండి. లోతు గ్లాసులో ఉంచితే దాని వేడికి అదే ఉడికి పొగలొస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉన్న టైము సుమారుగా సగమవుతుంది. మే నెల మధ్యాహ్నం మా ఊళ్లో ఈ పని చేసేవాళ్లని చూస్తే నాకే టెన్షన్. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య చేయాలి. వానాకాలంలో అసలు చేయొద్దు.

బట్టను హల్‌లో పెట్టి తడపకండి. బల్ల మీద పాలిథిన్ షీటు పరిచి, దాని మీద తడిపి, కర్రకి చుట్టి హ్యాచ్‌లోంచి లోపలికి తీసుకెళ్లి విప్పండి. తడిసిన గ్లాస్ క్లాత్ పారదర్శకంగా ఉంటుంది, తెల్లగా కనిపించే చోటు ఇంకా తడవలేదని. గ్లాస్ ఒక పొర, అడుగు గీత వెంబడి కెవ్లార్ టేపు, పైన రెండో గ్లాస్ పొర, ఇదే వరస. పొడుగు కర్రకి కట్టిన బ్రష్షుతో మధ్యనుంచి అంచులకి పొడుస్తూ గాలి బయటికి తోయండి. పూరీ పొంగినట్టు ఒక్క చోట లేచినా వదలకండి. చివర్లో టిష్యూ పేపరుతో అద్ది మిగులు రెజిన్ తీసేయండి.

తడి బోటును ముక్కు కిందికి పెట్టి నిలబెట్టొద్దు, రెజినంతా కొసకి జారుతుంది. ఎండలోనూ పెట్టొద్దు, బుడగలు ఉబ్బుతాయి, హల్ వంకర పోతుంది. చదునైన అద్దం పలక మీద అడుగు సరిగ్గా ఆనేలా ఉంచి టేపుతో కట్టి 24 గంటలు ముట్టుకోకండి. అడుగు వెనక భాగం లోపలికి గుంట పడితే బోటు ముక్కు దించుతుంది, బయటికి ఉబ్బితే గెంతుతుంది. స్కేలు ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

మర్నాడు పైన జిడ్డులాంటి పొర తేలితే అది గాలిలోని తేమ వల్ల. మంచినీళ్లతో స్క్రబ్బర్ పెట్టి కడిగాకే తర్వాతి పని. అతుకు వెంబడి అంగుళం వెడల్పు గ్లాస్ టేపు, వెనక పలకకి లోపల రెండు పొరలు, పక్క గోడలకి ఒకటి. ఇవి తేలికే. ఖాళీ చోట్లలో ఈతకొలనుల్లో వాడే ఫోమ్ గొట్టాల ముక్కలు కుక్కండి, మునిగినా బోటు తేలుతుంది. ముక్కు కొసకి సెంటీమీటరు మెత్తటి రబ్బరు అంటించండి. రిమోట్ తెరచాప బోట్ల ఐఓఎం (ఇంటర్నేషనల్ వన్ మీటర్) క్లాసులో ముక్కు చివరి 10 మి.మీ. సాగే పదార్థంతో ఉండాలని నియమమే ఉంది, మోటారు బోటుకి అది ఇంకా అవసరం.

సామాన్లు బిగించి మళ్లీ బద్ద మీద నిలపండి. తూకం పెన్సిలు గీతకన్నా ముందుకి జరిగితే బ్యాటరీ వెనక్కి జరపండి. రెజిన్ పూర్తి బలం రావడానికి వారం పడుతుంది, అప్పటిదాకా ఛత్రపురం దగ్గర తంపర చెరువుకి తీసుకెళ్లొద్దు. గుద్దుకున్న ప్రతిసారీ లోపల టార్చి వేసి చూడండి. బట్టలో తెల్ల మచ్చ కనిపిస్తే పొర అక్కడ విడిపోయినట్టే. ఆ మచ్చ చుట్టూ రెండు వేళ్ల మేర ఎమరీ పట్టి, పైన కొత్త ముక్క వేయండి.